విమానం ఎక్కించడంతో జిమ్మేదారీ తీరిపోదు



మన దగ్గర పిల్లాడు అమెరికా పోతున్నాడంటే బిరాదరీ మొత్తం కదులుతుంది. చేతికి ఇమామ్ జామిన్ కడతారు. దావత్‌కు దేగ్ ఎక్కుతుంది. పూలదండలు, సెల్ఫీలు, వాట్సప్ స్టేటస్‌లు. ఓర్వకల్లులో బయల్దేరిన రెండు తుఫాన్ బండ్లు కర్నూలు మీదుగా శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ దాకా పోయి, కళ్ళు తుడుచుకుని వాపసు వస్తాయి. మూడు నెలలయ్యాక ఆ పిల్లాడు ఎక్కడుంటున్నాడు, ఏం తింటున్నాడు, జేబులో ఎన్ని డాలర్లున్నాయి అని అడిగి చూడండి. దావత్‌కు వచ్చినవాళ్ళలో ఒక్కరూ పలకరు.

కోపంతోనే రాస్తున్నా ఈ మాట.

2023 జూలైలో షికాగో రోడ్డు పక్కన ఒక హైదరాబాద్ అమ్మాయి కనిపించింది. మాస్టర్స్ చదవడానికి పోయిన పిల్ల. సామానంతా దొంగలపాలైంది, మనసు దెబ్బతింది, ఆకలితో ఉంది. ఆమెను గుర్తుపట్టి ఇంటికి ఖబర్ చేసింది ఇద్దరు హైదరాబాదీ కుర్రాళ్ళు. తల్లి విదేశాంగ మంత్రి జైశంకర్‌కు ఉత్తరం రాస్తే, ఎం.బి.టి. నాయకుడు అమ్జదుల్లా ఖాన్ దాన్ని సోషల్ మీడియాలో పెట్టాడు. అప్పుడు దేశమంతా అయ్యో అంది. బిడ్డ రెండు నెలలుగా తనతో మాట్లాడటం లేదని ఆ తల్లి రాసింది. నన్ను ఇప్పటికీ కుదిపేసేది ఆ రెండు నెలలే. ఆ అరవై రోజుల్లో ఆ పిల్ల ఖైరియత్ కనుక్కోవడం ఎవరి జిమ్మేదారీ?

మరుసటి ఏడాది క్లీవ్‌లాండ్‌లో మరో హైదరాబాద్ కుర్రాడు మార్చిలో కనబడకుండా పోయాడు. మీవాణ్ణి కిడ్నాప్ చేశాం, 1,200 డాలర్లు పంపకపోతే కిడ్నీలు అమ్మేస్తాం అని తండ్రికి ఫోనొచ్చింది. ఏప్రిల్‌లో మయ్యత్ దొరికింది. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఇలాంటి ఖబర్ వచ్చిన రోజు మన కౌమ్ నిజంగానే గొప్పగా లేస్తుంది. చందాలు పోగవుతాయి, లీడర్లు ట్వీట్లు పెడతారు, జనాజాకు జాగా చాలదు. చచ్చినవాణ్ణి ఇంటికి తెచ్చుకోవడానికి ఇంత చేసేవాళ్ళం, బతికున్నవాడి మొదటి ఆరు నెలలకు పైసా తీయం. ఇదేం గైరత్?

అసలు ఆ పిల్లలు నిజం ఎందుకు చెప్పరో తెలుసా? ఖర్జ్ వల్ల. అమ్మీ గాజులు తాకట్టులో ఉన్నాయి. అబ్బా రెండెకరాల చేను అమ్మాడు. చిచ్చా చేబదులిచ్చాడు. వడ్డీ హరామ్ కదా అని బ్యాంకుకు పోని ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళ అప్పు చుట్టాల మధ్యే ఉంటుంది, ప్రతి పెళ్ళిలోనూ ఎదురుపడుతుంది. ఇంత మోసుకుని పోయినవాడు అక్కడ దిగంగానే పని వెతుక్కుంటాడు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడు సెమిస్టర్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలే, అదీ క్యాంపస్ లోపలే పనిచేయాలి. మొదటి ఏడాది బయట పని చేయకూడదు. కానీ క్యాంపస్‌లో పని అందరికీ దొరకదు. దాంతో పెట్రోల్ బంకులోనో, హోటల్ వంటింట్లోనో నగదు జీతానికి చేరతాడు. ఓనర్ జీతం ఎగ్గొట్టినా, అర్ధరాత్రి ఎవడో గన్ చూపించి గల్లా ఊడ్చుకుపోయినా పోలీసుల దగ్గరికి పోడు. పోతే వీసా పోతుందని ఖౌఫ్. ఇంట్లో చెప్పడు. చెబితే ఇజ్జత్ పోతుందని ఖౌఫ్. ఆ రెండు ఖౌఫ్‌ల మధ్య మన పిల్లలు ఒంటరిగా పడి ఉన్నారు. మనమేమో వీడియో కాల్‌లో వెనకాల కనిపించే మంచును చూసి మాషా అల్లా అంటున్నాం.

మా వీధిలో ఒక ఖాలా అంది: "ఫోన్ చేస్తే బాగున్నా అమ్మీ అంటాడు నాయనా. కళ్ళు చూస్తే బాగున్నట్లు లేదు." అడగవచ్చు కదా ఖాలా అన్నా. "అడిగితే వాడు చెప్తే, నేనేం జేసేది?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు ఉండాల్సింది జమాత్ దగ్గర, సర్కారు దగ్గర.

సర్కారు సంగతి రెండు మాటల్లో ముగిస్తా. విదేశాల్లో చదివే మైనారిటీ పిల్లల ఎడ్యుకేషన్ లోన్‌కు చదువు కాలంలో పడే వడ్డీని కేంద్రమే భరించే 'పఢో పర్‌దేశ్' పథకం ఒకటుండేది. 2022లో దాన్ని ఎత్తేశారు. అదే ఏడాది మౌలానా ఆజాద్ ఫెలోషిప్ కూడా పోయింది. మన రాష్ట్రంలో అదే ఏడాది తెచ్చిన విదేశీ విద్యా దీవెన ప్రపంచ ర్యాంకుల్లో పైనున్న యూనివర్సిటీల్లో సీటొచ్చినవాళ్ళకే ఇచ్చారు. అలాంటి సీటు మన ఉర్దూ మీడియం బచ్చాలకు ఎంతమందికి వస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇప్పించే చేయి వెనక్కి పోతే పిల్లలు ఎవరి చేతిలో పడతారు? కన్సల్టెన్సీల చేతిలో.

ఆ దుకాణాల చరిత్ర మర్చిపోకండి. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు అందులో చిక్కుకున్నవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళే. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు కట్టారు. 2019లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే అమెరికా ప్రభుత్వమే వల పన్ని నడిపిన నకిలీ. పిల్లల్ని అందులో చేర్పించిన ఎనిమిదిమంది దళారుల మీద కేసులు పడ్డాయి, వందమందికి పైగా విద్యార్థులు నిర్బంధంలోకి పోయారు. అందులోనూ మన తెలుగు పిల్లలే జాస్తి. డాక్టరీకని కిర్గిజ్‌స్తాన్ పోయినవాళ్ళు 2024 మే 17 రాత్రి బిష్కెక్‌లో అల్లరి మూకలు విదేశీ విద్యార్థుల హాస్టళ్ళ మీద పడితే లైట్లార్పి తలుపులేసుకుని కూర్చున్నారు. అది ముసల్మాన్ దేశమే కదా, మనవాళ్ళకేం ఫికర్ అని పంపినవాళ్ళున్నారు. ఆ రాత్రి మూకలు ఎవరి కల్మా అడగలేదు. 2017లో కాన్సాస్‌లో ఒక తెలుగు ఇంజనీర్‌ను ఇరానీ అనుకుని కాల్చి చంపినవాడూ మజహబ్ అడగలేదు.

మన పేరున్నవాళ్ళకు ఇంకో బరువు అదనం. 2025 మార్చిలో జార్జ్‌టౌన్ యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న మన దేశస్తుడు బదర్ ఖాన్ సూరిని ఇంటి బయటే పట్టుకుపోయారు. రెండు నెలల తర్వాత జడ్జి ఉత్తర్వుతో బయటికొచ్చాడు. ఆ వసంతంలోనే వేలమంది విదేశీ విద్యార్థుల రికార్డులు ఉన్నట్టుండి రద్దు చేశారు. వాళ్ళు కోర్టులకెక్కాక తిరిగి పెట్టారు. జూన్ నుంచి వీసాకు అర్జీ పెట్టేవాళ్ళు తమ సోషల్ మీడియా ఖాతాలు తెరిచి ఉంచాలన్నారు. దీనికి మన పెద్దలిచ్చే సలహా ఒక్కటే: నోరు మూసుకుని చదువుకో బేటా. ఇది సలహా కాదు, చేతులు దులుపుకోవడం. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల కాగితాలు చూసే అధికారి ఎవరు, వకీల్‌ను ఎలా పట్టుకోవాలి, హెల్త్ ఇన్సూరెన్స్ దేనికి పనికొస్తుంది, ఇవి ఇక్కడే కూర్చోబెట్టి నేర్పాలి. 1963 నుంచి అక్కడ ముస్లిం స్టూడెంట్స్ అసోసియేషన్ ఉంది, చాలా క్యాంపస్‌లలో దాని శాఖలున్నాయి. మన పిల్లల్లో ఎంతమందికి బయల్దేరక ముందే వాళ్ళ నంబర్ ఇస్తున్నాం?

షికాగో ఘటన తర్వాత కొందరు హజ్రత్‌లు అందుకున్న పాట వేరు: చూశారా, అందుకే ఆడపిల్లల్ని పంపొద్దన్నాం. క్లీవ్‌లాండ్‌లో పోయింది మగపిల్లాడు హజ్రత్! అప్పుడు మగపిల్లల్ని పంపొద్దని ఎవరూ అనలేదే? పిల్ల రోడ్డున పడింది ఆడపిల్ల అయినందుకు కాదు, అడిగే దిక్కు లేక.

సాగనంపే దావత్‌లో ప్రతిసారీ ఇల్మ్ కోసం చైనా దాకా అయినా పొమ్మనే మాట చెబుతారు. ఆ హదీసు జయీఫ్ అని ముహద్దిసులే తేల్చారు. సీరత్‌లో గట్టి సంగతి వేరే ఉంది. మక్కాలో జులుం భరించలేని సహాబాలను ప్రవక్త (స) హబ్షాకు పంపారు. ఊరికే పంపలేదు. న్యాయం తెలిసిన రాజున్న దేశం చూసి పంపారు. గుంపుగా పంపారు. ఆడవాళ్ళూ ఉన్నారు అందులో. ఖురైషీలు వెంటపడి దర్బారుకు వచ్చినప్పుడు అందరి తరఫున మాట్లాడటానికి జాఫర్ బిన్ అబీ తాలిబ్ ఉన్నారు. మనం పంపే పిల్లల వెనకాల ఏ జాఫర్ ఉన్నాడు?

ఇంత దూరం పోనక్కర్లేదు. మా ఓర్వకల్లు ఆడవాళ్ళను చూడండి. తొంభైల్లో రోజుకు రూపాయి దాచుకుంటూ మొదలైన పొదుపు సంఘాలు ఈ మండలానికి దేశమంతటా పేరు తెచ్చాయి. చదువురాని ఆడవాళ్ళు, మన బురఖా ఆడవాళ్ళు కూడా, బ్యాంకు మేనేజర్ ముందు కుర్చీలేసుకుని కూర్చున్నారు. ఆ సంఘంలో ఒక మనిషి వాయిదా తప్పితే, మీటింగ్‌కు రాకపోతే, మిగతావాళ్ళు ఆమె గడపకు పోయి ఏమైందమ్మా అని అడుగుతారు. మొగుడు కొట్టాడా, బిడ్డకు జ్వరమా, పంట పోయిందా, ఆ రోజే తెలిసిపోతుంది. అప్పు అక్కడా ఉంది, కానీ అప్పున్న మనిషి ఒంటరిగా లేదు.

మస్జిద్ కమిటీలు ఈ పని చేయలేవా? మీనార్‌కు రంగులేయడానికి జుమాలో చందా అడిగే నోటితోనే, మన మండలం నుంచి బయట చదివేవాళ్ళ పేర్లు రాయించండి అని ఎలాన్ చేయలేవా? ఒక్కో పిల్లాడికి ఇక్కడ ఒక మనిషి, అక్కడ ఒక మనిషి. వారం ఫోన్ రాకపోతే కదలాలి, రెండు నెలలు ఆగకూడదు. విదేశాంగ శాఖ ఫిర్యాదుల పోర్టల్ పేరు 'మదద్', మన ఉర్దూ మాటే. 2015 నుంచి ఉంది. ఆపదలో ఉన్నవాళ్ళకు రాయబార కార్యాలయాల దగ్గర 2009 నుంచి ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది. వాటికి అర్జీ ఎలా పెట్టాలో తెలిసిన ఒక్క కుర్రాడు ప్రతి మొహల్లాలో ఉంటే చాలు. బైతుల్‌మాల్‌లోంచి వాపసు టికెట్ డబ్బు పక్కన పెట్టండి.

వాపసు అనంగానే మొహాలు మారతాయని తెలుసు. మధ్యలో తిరిగొచ్చిన పిల్లాణ్ణి మనం చూసే చూపు నాకు తెలుసు. సెంటర్‌లో చాయ్ తాగుతుంటే "ఏం రా, పంపేసినారా?" అంటారు. ఆ ఒక్క మాటకు భయపడి ఎంతమంది అక్కడ చలిలో, చీకట్లో పడి ఉన్నారో. పిల్లాడు అమానత్ అంటాం కదా, అమానత్ సలామత్‌గా వాపసు వస్తే షుక్ర్ చెప్పాలి గానీ హిసాబ్ అడుగుతామా?

ఎవరో మొదలుపెడతారని ఆగకుండా మా మండలంలో పేర్లు నేనే రాయడం మొదలుపెట్టా. పేరు, యూనివర్సిటీ, ఊరు, రూమ్మేట్ నంబర్, అంతే. రాయించడానికి వచ్చిన తండ్రుల్లో కొందరు పిల్లాడు ఉండే ఊరి పేరు చెప్పలేక, ఫోన్ తీసి నా చేతికిచ్చారు.