విన్నదెల్లా వార్త కాదు



మన ఏలూరు సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2020 డిసెంబరు మొదటి వారంలో వన్‌టౌన్ ప్రాంతంలో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోసాగారు. కొద్ది రోజుల్లోనే బాధితులు 500 దాటారు. అది వార్త. ఆసుపత్రి లెక్కతో సరిచూసుకోవచ్చు.

నీళ్లలో క్లోరిన్ ఎక్కువైందేమో అన్నది అభిప్రాయం. ఎంత పెద్దమనిషి అన్నా, పరీక్ష ఫలితం వచ్చేదాకా అది ఊహే. ఆ ఊహకే భయపెట్టే సంగీతం జోడించి, పడిపోయిన మనిషిని పదేపదే చూపిస్తే అది సంచలనం.

తర్వాత ఎయిమ్స్ పరీక్షల్లో బాధితుల రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి. అదీ వార్తే. అయితే అవి ఒంట్లోకి ఎలా చేరాయో ఆ ఫలితం చెప్పలేదు. తెలిసినంత చెప్పి ఆగడం కూడా సత్యమే.

ఆగకపోతే ఏమవుతుంది? కూరగాయలమ్మే ఆమె మీదో, నీళ్లు వదిలే మనిషి మీదో నింద పడుతుంది. అబద్ధసాక్ష్యం వద్దన్న ఆజ్ఞ మన నాలుకకే కాదు, ఫార్వర్డ్ నొక్కే వేలికీ వర్తిస్తుంది.

పౌలంతటివాడు బోధించినా బెరయవారు లేఖనాలు తెరిచి సరిచూసుకున్నారు. బైబిలు వారిని తప్పుపట్టలేదు, మెచ్చుకుంది. మరి టీవీ మాటను, వాట్సాప్ మాటను మనమెందుకు సరిచూడకూడదు? చూసినదెవరు, పరీక్షించినదెవరు, ఊహిస్తున్నదెవరు అని అడగండి. జవాబు దొరక్కపోతే ఆ మాట మీ దగ్గరే ఆగిపోనివ్వండి.

ప్రభువు మనకు వివేచన దయచేయును గాక. ఆమేన్.