ఇంటికి తీసుకువెళ్ళండి అన్న తరువాత



“ఇక మా చేతిలో ఏమీ లేదు, ఇంటికి తీసుకువెళ్ళండి.” క్యాన్సర్ ముదిరిన తరువాత డాక్టరుగారు ఈ మాట చెప్పగా, కన్నవారిని ఊరికి తెచ్చుకొన్న కుటుంబములు మన సంఘములలో ఉన్నాయి. అటువంటి ఒక ఇంటికి మేము ప్రార్థనకు వెళ్ళాము. పాట పాడాము, వాక్యము చదివాము, ప్రార్థించాము, టీ త్రాగి వచ్చేశాము. మంచము మీద ఉన్న ఆ తల్లి అంతసేపూ పళ్ళు బిగబట్టుకొనే ఉన్నది. “నొప్పి ఎక్కడమ్మా? రాత్రి నిద్ర పట్టిందా?” అని మాలో ఒక్కరమూ అడుగలేదు. పైగా ఆమె ఓర్పును గొప్ప విశ్వాసమని మెచ్చుకొన్నాము. ఆ సంగతి తలంచుకొంటే నేటికీ సిగ్గుగా ఉన్నది.

రోగము నయము కాకపోవచ్చును. కాని నొప్పిని తగ్గించుటకు మార్గమున్నది. ఇంగ్లండుకు చెందిన సిసిలీ సాండర్స్ అను క్రైస్తవ సహోదరి మొదట నర్సుగా పనిచేసి, మరణించుచున్నవారి బాధ చూచి, తరువాత డాక్టరు చదువు చదివి, 1967లో లండనులో సెయింట్ క్రిస్టోఫర్స్ హాస్పిస్‌ను ప్రారంభించారు. నొప్పి భరించలేనంత అయ్యేవరకు ఆగక, గడియారము చూచి వేళకు మందు ఇవ్వాలని ఆమె నేర్పారు. మనస్సులోని దిగులు, పిల్లలను గూర్చిన చింత, దేవుడు నన్ను విడిచాడేమో అన్న కలవరము కూడ ఆ నొప్పిలో భాగమేనని చెప్పారు. మన దేశములో 1993లో కేరళలోని కోళిక్కోడ్‌లో మొదలైన సేవ క్రమముగా ఇరుగుపొరుగువారికి తర్ఫీదునిచ్చి రోగి ఇంటికే పంపేదిగా పెరిగింది.

తీవ్రమైన క్యాన్సర్ నొప్పికి డాక్టర్లు మార్ఫిన్ మాత్రలు ఇస్తారు. అలవాటవుతుందేమోనని భయపడి చాలమంది వాటిని మానివేస్తారు. డాక్టరు చెప్పిన కొలత ప్రకారము వాడుచున్న రోగిని ఆ భయముతో బాధలో ఉంచవద్దు. మలబద్ధకము కలుగుతుంది గనుక దానికి కూడ మందు అడగండి. ఈ మాత్రలు ప్రతి మందుల షాపులో దొరకవు. 2014లో చట్టము సవరించిన తరువాత అనుమతి పొందిన ఆసుపత్రులు వీటిని ఇవ్వగలుగుచున్నాయి. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఇందుకు పాలియేటివ్ కేర్ విభాగమున్నది. రోగి కదలలేని స్థితిలో ఉంటే ఇంటివారు కాగితములు తీసుకొని వెళ్ళి డాక్టరుగారిని అడగాలి.

మరి సంఘము చేయవలసినదేమి? ఒకరు మందు తేవడానికి బస్సు ఛార్జీ ఇవ్వవచ్చు. ఒకరు రాత్రి కాపలా ఉండి, పగలంతా సేవ చేసిన కోడలిని నిద్రపోనివ్వవచ్చు. పుండ్లు పడకుండ రెండేసి గంటలకు ప్రక్కకు తిప్పుట, ఎండిన నోటిని తడిగుడ్డతో తుడుచుట ఎవరైనా నేర్చుకోవచ్చు.

మంచి సమరయుడు గాయపడినవాని యొద్ద మంచిమాట చెప్పి వెళ్ళిపోలేదు. నూనె పోసి, కట్టు కట్టి, సత్రములో ఆ రాత్రి అతని యొద్దనే ఉన్నాడు.

వచ్చే ఆదివారము ఆరాధన తరువాత, మన ఊరిలో మంచము పట్టినవారెవరో వ్రాసుకొందాము. వారి ఇంటికి వెళ్ళినప్పుడు పాటకు ముందు నొప్పి సంగతి అడుగుదాము. అందుకు ప్రభువు మనకు కృపననుగ్రహించును గాక. ఆమేన్.