సుంకం గేటు ఎవరి చేతిలో ఉంది?

2003 మే నెలలో అఫ్గానిస్థాన్ అధ్యక్షుడు హమీద్ కర్జాయ్ రాజీనామా చేస్తానని హెచ్చరించారు. ఆయన్ని అంత దూరం తీసుకెళ్లింది కస్టమ్స్ సుంకాల గొడవ. సరిహద్దు రాష్ట్రాల గవర్నర్లు తమ గేట్ల దగ్గర వసూలైన సొమ్మును కాబూల్‌కు పంపకుండా తామే ఉంచుకుంటున్నారు. వారిలో ఘనుడు హెరాత్ గవర్నర్ ఇస్మాయిల్ ఖాన్. ఇరాన్ నుంచి సరకు లారీలు దేశంలోకి వచ్చే ఇస్లాం ఖలా గేటు ఆయన చేతిలో ఉండేది. సొంత సైన్యాన్ని పోషించుకున్నారు, హెరాత్‌లో రోడ్లు వేయించారు, పార్కులు కట్టించారు. కాబూల్ వాటా మాత్రం ఎగవేశారు. కర్జాయ్ హెచ్చరిక తర్వాత కొద్ది రోజులకే ఆర్థిక మంత్రి అష్రఫ్ ఘనీ స్వయంగా హెరాత్ వెళ్లి రెండు కోట్ల డాలర్లు రాబట్టుకొచ్చారు. అంతకు ముందు ఏడాది కాబూల్ ప్రభుత్వానికి సొంత రాబడిగా వచ్చింది దేశం మొత్తమ్మీద సుమారు 13 కోట్ల డాలర్లే. ఆ లెక్కన ఒక్క గేటు విలువెంతో అర్థమవుతుంది.

మరి మిగతా ఖర్చు ఎలా గడిచింది? విదేశీ సాయంతో. పదహారేళ్ల తర్వాత కూడా అదే పరిస్థితి. 2019 నాటికి అఫ్గానిస్థాన్‌లో ప్రభుత్వ వ్యయం, భద్రతా వ్యయం కలిపి ఏటా 1,100 కోట్ల డాలర్లు ఉంటే, అందులో నాలుగింట మూడు వంతులు దాత దేశాల గ్రాంట్లేనని ప్రపంచ బ్యాంకు లెక్కగట్టింది. సొంత రాబడి 250 కోట్ల డాలర్లకు అటూ ఇటూ. ఇలాంటి అంకెలు చూసినప్పుడల్లా ఒక పాత వాదన ముందుకొస్తుంది: ఊరికే డబ్బొస్తుంటే పాలకుడు ప్రజల దగ్గర పన్నెందుకు వసూలు చేస్తాడు? పన్ను కట్టని ప్రజ లెక్క ఎందుకడుగుతుంది?

ఈ వాదనకు అంకెల బలం ఇచ్చింది అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థ ఆర్థికవేత్తలు 2003లో చేసిన ఒక అధ్యయనం. 1970 నుంచి 2000 దాకా 107 దేశాల వివరాలు తీసుకుని, గ్రాంటుగా అందిన ప్రతి రూపాయికీ సొంత రాబడి 28 పైసలు తగ్గుతుందని వాళ్లు తేల్చారు. అవినీతి బాగా ఎక్కువగా ఉన్న దేశాల్లోనైతే గ్రాంటు మొత్తం ఆ తరుగుకే సరిపోయింది. తిరిగి కట్టాల్సిన అప్పుల విషయంలో ఫలితం తిరగబడింది, రాబడి పెరిగింది. ఆ తర్వాత మెరుగైన గణాంకాలతో వచ్చిన అధ్యయనాల్లో ఈ 28 పైసల లెక్క నిలబడలేదు. గ్రాంట్ల వల్ల పన్నులు తగ్గుతాయనడానికి గట్టి ఆధారం దొరకలేదని చాలామంది తేల్చారు. పండితుల చర్చ ఇప్పటికీ అక్కడే ఉంది.

నా మటుకు నాకు, యుద్ధం నలిపిన దేశాల విషయంలో ఆ ప్రశ్నే సరిగ్గా లేదనిపిస్తుంది. సాయం వల్ల పన్ను పెరిగిందా తరిగిందా అని అడిగితే, పన్ను వసూలు చేసేవాడు ఒక్కడే ఉన్నాడని ముందే ఒప్పుకున్నట్టవుతుంది. యుద్ధం జరిగే చోట ఆ ఒక్కడు ఉండడు. గవర్నర్ వసూలు చేస్తాడు, పోలీసు అధికారి వసూలు చేస్తాడు, తిరుగుబాటుదారుడూ వసూలు చేస్తాడు. జనం కట్టేది కడుతూనే ఉంటారు, కాబూల్‌కు అందేది మాత్రం తక్కువ. సాయం వచ్చాక తేలాల్సింది, ఆ వసూళ్లలో ఎవరిది పైచేయి అయిందన్నది.

అఫ్గానిస్థాన్‌లో అమెరికా సైన్యానికి ఆహారం, ఇంధనం, మందుగుండు చేరవేయడానికి 216 కోట్ల డాలర్ల విలువైన లారీ రవాణా కాంట్రాక్టు ఒకటి ఉండేది. దారిలో రక్షణ బాధ్యత కాంట్రాక్టర్లదే. వాళ్లు దారి పొడవునా ఆయుధాలున్నవాళ్లకు డబ్బు చెల్లించి లారీలు నడిపించారు. ఆ సొమ్ములో కొంత తాలిబాన్లకూ చేరి ఉంటుందని 2010లో అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘమే నివేదిక ఇచ్చింది. అమెరికా పౌరుడు కట్టిన పన్ను ఆ దారిలో ప్రయాణించి, అమెరికాతో పోరాడేవాడికి పన్నుగా ముట్టిందన్నమాట. ఇటువంటి ఖర్చును సాయం ఖాతాలో రాయరు, రక్షణ ఖాతాలో రాస్తారు. పన్ను వ్యవస్థ మీద దాని ప్రభావం ఏ గ్రాంటు కన్నా తక్కువ కాదు.

అదే సమయంలో కాబూల్ పన్ను శాఖ తన గడప ముందున్న కాంట్రాక్టర్ల దగ్గర వసూలు చేయలేని స్థితి. విదేశీ సైన్యాల సరకుకు, వాటి కాంట్రాక్టర్లకు ఒప్పందాల ద్వారా మినహాయింపులు ఉన్నాయి. ఏ కంపెనీకి మినహాయింపు వర్తిస్తుంది, దాని కింద పనిచేసే ఉప కాంట్రాక్టరుకు వర్తిస్తుందా అన్నదాని మీద ఏళ్ల తరబడి తగువు నడిచింది. కాబూల్ ప్రభుత్వం అమెరికా పనులు చేసే కంపెనీల మీద 92 కోట్ల డాలర్లకు పైగా పన్నులు వేసిందని అఫ్గాన్ పునర్నిర్మాణంపై అమెరికా నియమించిన ప్రత్యేక తనిఖీ అధికారి కార్యాలయం 2013లో లెక్క తీసి అభ్యంతరం చెప్పింది. సొంత రాబడి పెంచుకోండని రోజూ బోధించే దేశం తన కంపెనీల మీద పన్ను పడేసరికి తప్పుబట్టింది. రెండింటికీ చట్టబద్ధమైన కారణాలు చూపొచ్చు. కానీ దేశంలో కదిలే డబ్బులో సింహభాగం విదేశీ ఖర్చే అయినప్పుడు, దాన్ని ముట్టుకోకుండా పన్ను వ్యవస్థ ఎక్కణ్నుంచి ఎదుగుతుంది? ప్రపంచ బ్యాంకు తన ప్రాజెక్టుల్లో పన్నులకూ నిధులివ్వడానికి 2004లో నిబంధన మార్చుకుంది. ఇతర దాతలు చాలామంది ఇంకా మినహాయింపు అడుగుతూనే ఉన్నారు.

మనుషుల సంగతి ఇంకొకటి. ఇంగ్లిష్, కంప్యూటర్, లెక్కలు వచ్చిన యువకుడు రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరితే వచ్చే జీతానికి ఎన్నో రెట్లు విదేశీ సంస్థలో దుబాసీగా వచ్చేది. మంత్రిత్వ శాఖల్లోనే దాతల డబ్బుతో విడిగా నియమించుకున్న సలహాదారులు ఉండేవారు. ప్రాజెక్టు అయిపోగానే వాళ్లతోపాటు పని తెలిసిన జ్ఞాపకం కూడా వెళ్లిపోయేది.

ఇక మన దేశం చేసిన సాయం సంగతి చూద్దాం. ఇరాన్ సరిహద్దులోని జరాంజ్ నుంచి దెలారామ్ దాకా దాదాపు 215 కిలోమీటర్ల రోడ్డును భారత సరిహద్దు రోడ్ల సంస్థ వేసింది. 2009 జనవరిలో అఫ్గాన్ ప్రభుత్వానికి అప్పగించింది. పాకిస్థాన్ మీద ఆధారపడకుండా అఫ్గానిస్థాన్‌కు సముద్రపు దారి చూపాలన్నది మన వ్యూహం. అందులో తప్పేమీ లేదు. ఆ రోడ్డు వేస్తూ మనవాళ్లు ప్రాణాలు కూడా కోల్పోయారు. ఆ రోడ్డున్న నిమ్రూజ్ రాష్ట్రంలో సరకు రవాణా మీద సాయుధులు దారి కాసి చేసే అనధికార వసూళ్లు ఏటా 23.5 కోట్ల డాలర్లని, అవి తాలిబాన్లూ ప్రభుత్వ పక్షం పెద్దలూ పంచుకునేవారని, ఆ రాష్ట్రానికి ఏడాదికి అందిన విదేశీ సాయం రెండు కోట్ల డాలర్ల లోపేనని 2021లో పరిశోధకుడు డేవిడ్ మాన్స్‌ఫీల్డ్ బృందం అంచనా కట్టింది. సాయం చేసేవాళ్లు రోడ్లు, వంతెనలు, బడులు లెక్కపెట్టుకున్నారు. తాలిబాన్లు ఆ రోడ్ల మీద లారీలు లెక్కపెట్టుకున్నారు. ఒకచోట సుంకం కట్టిన లారీకి రసీదు ఇచ్చేవారు, తర్వాతి తనిఖీ కేంద్రంలో అది చూపిస్తే మళ్లీ అడిగేవారు కాదు. ప్రభుత్వ పోలీసుల గేట్ల దగ్గర మాత్రం ఎన్నిసార్లు ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో లారీ డ్రైవరుకు తెలిసేది కాదు. ఊళ్లలో రైతుల దగ్గర పంటలో పదో వంతు ఉష్ర్‌గా తీసుకునే పద్ధతి ఎప్పట్నుంచో ఉంది. 2021 ఆగస్టు 15న కాబూల్‌లో అడుగుపెట్టేనాటికి తాలిబాన్లకు పన్ను వసూలులో ఏళ్ల అనుభవం ఉంది. ఆ రోజు దేశం విడిచి వెళ్లిన అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ. విఫల రాజ్యాలను బాగుచేయడమెలాగో చెబుతూ 2008లో పుస్తకం రాసిన ఇద్దరిలో ఆయనొకరు.

తర్వాత జరిగింది సాయం వ్యతిరేకులకు ఇష్టమైన కథ. అమెరికాలో ఉన్న అఫ్గాన్ కేంద్ర బ్యాంకు నిల్వలు దాదాపు 700 కోట్ల డాలర్లు స్తంభించాయి, బడ్జెట్ సాయం ఆగిపోయింది. అయినా తాలిబాన్లు తమ మొదటి పూర్తి ఆర్థిక సంవత్సరంలో 19,000 కోట్ల అఫ్గానీలకు పైగా, అంటే 200 కోట్ల డాలర్లకు మించి వసూలు చేశారు. ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోయిన దేశంలో ఇది చిన్న సంగతి కాదు. అందులో పెద్ద భాగం సరిహద్దు గేట్ల నుంచి వచ్చిందే. గేటుకు ఒక్కడే యజమాని కావడంతో మధ్యలో కారిపోయేది చాలావరకు ఆగింది.

అయితే ఈ కథలో రెండు చిక్కులున్నాయి. పన్ను కట్టే ప్రజకు పాలకుడు జవాబుదారీ అవుతాడన్న సిద్ధాంతం ఇక్కడ పనిచేయలేదు. ఆడపిల్లల హైస్కూళ్లు మూసేసిన ప్రభుత్వం భారీగా పన్ను వసూలు చేస్తోంది. రెండోది, ఆ రాబడి పూర్తిగా సాయం లేకుండా వచ్చింది కాదు. మానవతా సాయం కోసం ఐక్యరాజ్యసమితి విమానాల్లో డాలర్ల నోట్లు తెచ్చి దించేది, ఒక్కో విడతకు సుమారు నాలుగు కోట్లు. ఆ డాలర్లే అఫ్గానీ విలువను నిలబెట్టాయి. దిగుమతులకు డబ్బు సమకూర్చాయి. దిగుమతులుంటేనే కదా కస్టమ్స్ సుంకం! విదేశీ డబ్బుకూ సొంత రాబడికీ ఉన్న ఈ ముడి విదేశీ సైన్యాలు వెనక్కి మళ్లిన 2014లోనూ కనిపించింది. 2011లో జీడీపీలో 11 శాతం దాటిన సొంత రాబడి 2014 నాటికి 9 శాతం లోపుకు పడిపోయింది. ఆ ఏడాది ఎన్నికల వివాదం కొంత కారణం, విదేశీ ఖర్చు తగ్గడం కూడా కారణం.

సాయం లేకుండా నిలబడ్డ దేశం కావాలంటే అందరూ సోమాలిలాండ్ పేరు చెబుతారు. 1991లో సోమాలియా నుంచి విడిపోయినట్టు ప్రకటించుకుంది. దశాబ్దాల పాటు ఎవరూ గుర్తించలేదు కాబట్టి ప్రపంచ బ్యాంకు అప్పు పుట్టలేదు. ఉన్న ఆదాయమల్లా బెర్బెరా రేవు. గొర్రెలు, మేకలు, ఒంటెలు అరబ్ దేశాలకు వెళ్లేది అక్కణ్నుంచే. 1992లో ఆ రేవు కోసం తెగల మధ్య పోరు జరిగింది. చివరికి పెద్దలు కూర్చుని రేవు ప్రభుత్వానిదని ఒప్పుకున్నారు. 1993లో బోరామాలో నెలల తరబడి సాగిన సమావేశం తెగ పెద్దల సభకు పాలనలో చోటిచ్చి, మహమ్మద్ ఇబ్రహీం ఇగాల్‌ను అధ్యక్షుణ్ని చేసింది. ఇగాల్ పశువుల వ్యాపారుల దగ్గర అప్పు తెచ్చి సాయుధులను బారకాసుల్లోకి మళ్లించారు. డబ్బు బయటి నుంచి వచ్చి ఉంటే ఆ బేరసారాలు జరిగేవి కావని పరిశోధకుడు నికొలస్ యూబాంక్ వాదించారు. నాకు ఆ వాదన నచ్చుతుంది, కానీ పూర్తిగా మింగుడు పడదు. సోమాలిలాండ్ ప్రభుత్వం బడ్జెట్ ఏళ్ల తరబడి అతి చిన్నది. అందులో పెద్ద భాగం భద్రతకే పోయేది. బడులు, ఆస్పత్రులు నడిచింది విదేశాల్లోని సోమాలీలు ఇంటికి పంపిన డబ్బుతో, స్వచ్ఛంద సంస్థల సాయంతో. సాయం లేకపోవడం వల్ల అక్కడ రాజీ కుదిరింది, ఆస్పత్రి కుదరలేదు.

లైబీరియా దీనికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్లింది. 2003లో అంతర్యుద్ధం ముగిశాక మధ్యంతర ప్రభుత్వ పెద్దలే ఖజానా దోచుకుంటుంటే, దాతలు 2005లో ఒక ఒప్పందం మీద సంతకం పెట్టించారు. రేవు, విమానాశ్రయం, పెట్రోలియం సంస్థ, అడవుల శాఖ వంటి రాబడి వచ్చే చోట్లకు విదేశీ నిపుణులు వచ్చారు. వాళ్ల సంతకం కూడా ఉంటేనే డబ్బు కదిలేది. స్వాభిమానం దెబ్బతిందని లైబీరియాలో ఎంతోమంది బాధపడ్డారు, అది న్యాయమే. 2006లో గద్దెనెక్కిన ఎలెన్ జాన్సన్ సర్‌లీఫ్ ఆ ఏర్పాటును కొనసాగించారు. అప్పటికి ఏటా ఎనిమిది కోట్ల డాలర్ల దరిదాపుల్లో ఉన్న రాబడి 2011-12 కల్లా 40 కోట్లు దాటింది. ఇందులో కలప, వజ్రాల మీద ఆంక్షలు ఎత్తేయడం, ఇనుప ఖనిజం కంపెనీలు రావడం ఎంత, నిపుణుల సంతకం ఎంత అని విడదీయడం కష్టం. వేలాది ఐరాస శాంతి సైనికులు దేశమంతా ఉన్నారు కాబట్టి మన్రోవియా రేవు దగ్గర మరో వసూలుదారు లేడు. నా దృష్టిలో అసలు తేడా అదే. మొజాంబిక్ కూడా 1997 నుంచి దాదాపు పదేళ్లు తన కస్టమ్స్ నిర్వహణను బ్రిటన్ నిధులతో క్రౌన్ ఏజెంట్స్ అనే సంస్థ చేతుల్లో పెట్టి, శాఖను బాగుచేయించుకుంది. అక్కడా శాంతి ఒప్పందం అప్పటికే ఐదేళ్ల పాతది. కాబట్టి సాయం పన్ను శాఖను కట్టగలదు. గేటు మీద పోరు ముగిసిన చోట కట్టగలదు.

2025 జులైలో అమెరికా అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ యూఎస్ఎయిడ్ మూతపడింది. బ్రిటన్ తన సాయాన్ని 2027 నాటికి జాతీయాదాయంలో 0.3 శాతానికి కుదిస్తానంది. ఇక బీద దేశాలు తమ కాళ్ల మీద తాము నిలబడతాయని ఒక వర్గం సంబరపడుతోంది. డాలర్ల విమానాలు తగ్గితే కాబూల్‌లో దిగుమతులు తగ్గుతాయి, సుంకం తగ్గుతుంది. ఈ లెక్క ఆ సంబరంలో లేదు. పన్ను శాఖలను బాగుచేయడానికి ఇచ్చే సాయం మొత్తం సాయంలో ఒక శాతం కూడా ఉండదు. 2015లో అడిస్ అబాబాలో దాతలు దాన్ని రెట్టింపు చేస్తామని మాటిచ్చారు. కోతలు మొదలైనప్పుడు ఇటువంటి చిన్న పద్దులను కాపాడే నాథుడుండడు.

గేటు మీద పోరు ముగియని చోటు సోమాలియా రాజధాని మొగదిషు. అక్కడ ఇప్పటికీ ఒకే సరకుకు రెండు సుంకాలు. వ్యాపారి రేవులో ప్రభుత్వానికి కడతాడు, బయటికొచ్చాక తిరుగుబాటు సంస్థ అల్ షబాబ్‌కు కడతాడు. అల్ షబాబ్ నెలకు కనీసం కోటిన్నర డాలర్లు వసూలు చేస్తోందని, అందులో సగానికి పైగా రాజధాని నుంచే వస్తోందని అక్కడి హిరాల్ ఇన్‌స్టిట్యూట్ 2020లో అంచనా వేసింది. రాజధానిని నిలబెట్టడానికి ఏళ్లుగా సాయపడుతున్న ఆఫ్రికన్ యూనియన్ దళాలకు జీతాలు బయటి దేశాల నుంచి రావాలి. 2025 జనవరిలో మొదలైన కొత్త మిషన్‌ను తొలి నెలల నుంచే నిధుల కొరత వెంటాడుతోంది.