పగులు పాతదా, కొత్తదా?

తమిళనాడులోని తళవాయిపురంలో నైటీలు కుట్టే షెడ్లు, పక్కనే రాజపాళయంలో నూలు మిల్లులు. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా రాజపాళయం మిల్స్ స్థాపించినప్పటి నుంచి ఈ తెలుగు రాజుల ఊరికి పెద్ద కట్టడాలు కొత్త కాదు. భూకంపం అంటే మాత్రం ఎక్కడో గుజరాత్ సంగతి అనుకుంటారు. కానీ 1900 ఫిబ్రవరి 8న కోయంబత్తూరు ప్రాంతాన్ని కుదిపిన భూకంపం తీవ్రత 6 దాకా ఉంది. 2024 డిసెంబరు 4న పొద్దున్నే ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కదిలితే హైదరాబాద్‌లో జనం ఉలిక్కిపడ్డారు.

అలాంటి రోజున మిల్లు గోడ బీటలు వారితే, బీమా కంపెనీ తరఫున సర్వేయరు వస్తాడు. నష్టం పెద్దదైతే ఆయన వెంట స్ట్రక్చరల్ ఇంజినీరు కూడా ఉంటాడు.

ఆ ఇంజినీరు ముందుగా టార్చి వేసి పగుల్లోకి తొంగి చూస్తాడు. లోపలికి సున్నం దిగిందా? సాలెగూడు పట్టిందా? నూలు మిల్లు కాబట్టి దూది నుసి పేరుకుందా? ఇవి కనిపిస్తే పగులు పాతదే. అంచులు పదునుగా, లోపలి సిమెంటు శుభ్రంగా ఉంటే కొత్తది. రెండు కిటికీల మధ్య గోడ గుణకారం గుర్తులా చీలితే కట్టడం పక్కకు ఊగిందని అర్థం. ఇటుకల సందుల వెంట పగులు మెట్లు మెట్లుగా పాకితే పునాది కుంగిందేమోనని చూడాలి. కొత్త పగులుకు డబ్బు వస్తుంది, పాతదానికి రాదు. తగవంతా ఇక్కడే.

ఈ తగవులో ఇంజినీరును తప్పుపట్టి లాభం లేదు. భూకంపానికి ముందు ఆ గోడ ఎలా ఉండేదో ఎవరి దగ్గరా రికార్డు లేదు. పాలసీ ఇచ్చేటప్పుడు కోట్ల విలువ రాసుకుంటారు గానీ, స్తంభాల ఫొటోలు తీసుకోరు. పెద్ద వాణిజ్య భవనాలకు పాలసీ ఇచ్చే ముందే ఇరుపక్షాల సంతకాలతో గోడలు, స్తంభాల స్థితిని నమోదు చేయడం తప్పనిసరి కావాలి. బీమా నియంత్రణ సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది, ఈ నిబంధన అది పెట్టవచ్చు. ప్రీమియం పెరుగుతుందని కంపెనీలు అనవచ్చు. క్లెయిము కోర్టుకెక్కితే అయ్యే ఖర్చు ముందు ఆ ఫొటోల ఖర్చు ఎంత?

పైపై చూపు సరిపోదని 1994 జనవరి 17న కాలిఫోర్నియాలోని నార్త్‌రిడ్జ్ భూకంపం చూపించింది. నిటారుగా నిలబడ్డ ఉక్కు భవనాల్లో దూలం, స్తంభం కలిసే చోట వెల్డింగులు పగిలాయి. పైతొడుగులు తీసి చూస్తే గాని అవి బయటపడలేదు.

మరమ్మతులో ఇంకో చిక్కు ఉంది. పాలసీ సాధారణంగా కట్టడాన్ని మునుపటి స్థితికి తేవడానికే డబ్బిస్తుంది, అంతకన్నా గట్టిగా కట్టే ఖర్చు యజమానిదే. 2001 జనవరి 26న భుజ్ భూకంపానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాద్‌లో బహుళ అంతస్తుల భవనాలు కూలాయి. కింది అంతస్తు పార్కింగు కోసం గోడల్లేకుండా వదిలేయడం అందుకు ఒక పెద్ద కారణం. అలాంటి అంతస్తులో స్తంభం పగిలితే ఎపాక్సీ జిగురు ఎక్కించి పాత స్థితికి తేవడం అంటే పాత బలహీనతనూ తిరిగి తెచ్చుకోవడమే. పాత కాంక్రీటు కట్టడాలను పరీక్షించి బలపరిచే పద్ధతికి 2013లోనే ఐఎస్ 15988 ప్రమాణం వచ్చింది. పాలసీకి ముందు చేసే నమోదులో ఈ పరీక్షనూ కలిపితే, ఏ స్తంభం చుట్టూ జాకెట్ (బలపరిచే తొడుగు) వేయాలో యజమానికి భూకంపం రాకముందే తెలుస్తుంది.

యజమానులూ పాలసీ కాగితం ఒకసారి తిరగేయాలి. 2021 ఏప్రిల్ 1న వచ్చిన భారత్ లఘు ఉద్యమ్ సురక్ష పాలసీ 5 కోట్లు దాటి 50 కోట్ల దాకా ఉన్న ఆస్తులకు భూకంప రక్షణను కలిపే ఇస్తుంది. అంతకు మించిన మిల్లులు తీసుకునే ప్రామాణిక అగ్నిప్రమాద పాలసీలో దాన్ని విడిగా కొనుక్కోవాలి. అదే పాలసీలో క్లెయిము మొత్తంలో 3 శాతం దాకా ఆర్కిటెక్టు, ఇంజినీరు ఫీజులకు ఇచ్చే వీలుంది. అయితే అది మరమ్మతు డిజైనుకు, పర్యవేక్షణకు మాత్రమే. కంపెనీ ఇంజినీరు లెక్కను సవాలు చేయడానికి సొంత ఇంజినీరును పెట్టుకుంటే ఆ ఫీజు జేబులోంచే పోతుంది.