డ్యూటీలో ఎవరున్నారని అడిగే ముందు

రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే పొద్దున మీటింగులో మొదటి ప్రశ్న ఒక్కటే, "డ్యూటీలో ఎవరున్నారు?" ఆ డ్యాష్‌బోర్డును అలా తయారుచేసిందెవరని మాత్రం ఒక్కరూ అడగరు.

సిస్‌లాగ్‌లో మెసేజీలకు 0 నుంచి 7 దాకా ఎనిమిది స్థాయిలు ఊరికే పెట్టలేదు. 0 అంటే సిస్టమ్ పనికిరాకుండా పోయినట్టు. 4 వార్నింగ్. 6 ఉత్త సమాచారం. 7 డీబగ్. నాగియోస్‌లోనూ వార్నింగ్ వేరు, క్రిటికల్ వేరు. మరి మనకొచ్చేదేంటి? డిస్క్ 80 శాతం నిండినా క్రిటికలే, బ్యాకప్ ఐదు నిమిషాలు ఆలస్యమైనా క్రిటికలే! రాత్రంతా ఫోన్ మోగుతుంటే అసలు ప్రమాదమేదో ఎలా తెలుస్తుంది? నాన్నా పులి కథలో ఉత్తుత్తినే అరిచిన పిల్లాడికే దెబ్బ తగిలింది. ఇక్కడ అరిచేది స్క్రీను, దెబ్బ మనకి.

అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నవాళ్లం నోరెత్తాలంటే భయపడతాం. ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజుల గడువు. ఆ భయం తెలిసే తప్పంతా మన నెత్తిన రుద్దుతారు.

అందుకే నోటితో వాదించొద్దు, మెయిల్లో అడుగుదాం. ఏ అలర్టుకి ఎవరు ఏం చెయ్యాలో రాసిమ్మందాం. చెయ్యడానికి పనేమీ లేని అలర్టుకి అర్ధరాత్రి ఫోన్ మోగకూడదు. వారానికి ఎన్ని వచ్చాయి, నిజంగా పని పడింది ఎన్నిటికి? ఆ లెక్క తీసి మేనేజర్ ముందు పెడదాం. ఏదో ఒకరోజు సర్వర్ పడిపోయాక కాదు, ఈ వారమే.