బోరు లారీని పిలిచే ముందు వాల్వులు లెక్కపెట్టుకోండప్పా

మొన్న రాత్రి మా ఊర్లోకి మళ్లా బోరు లారీ వచ్చింది. తెల్లవార్లూ ఒకటే మోత. పొద్దున పోయి చూస్తే తెల్ల దుమ్ము తప్ప చుక్క నీళ్లు లేవు. ఆ అన్న పేరు రాయను. ఆయనకు ముందే ఒక బోరు ఉంది, బాగానే పోస్తాంది. "డ్రిప్పుకు నీళ్లు చాలడం లేదు, చివరి సాళ్లు ఎండుతాండాయి" అని ఇంకోటి వేయించినాడు. టమాటా చేనంతా తిరిగి చూసినా. రెండెకరాలకు ఒక్కటంటే ఒక్క వాల్వు. అది కూడా బోరు పక్కనే.

కోపంతో రాస్తున్నా, ఒక మాట ఎక్కువైతే ఏమనుకోవద్దు.

మన అనంతపురంలో వాన తక్కువ, కాదనను. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. కానీ చేను చివర నీళ్లు రాలేదంటే ప్రతిసారీ తప్పు భూమిలోనే ఉండదు. చానాసార్లు అది మనం వేసుకున్న పైపుల్లోనే ఉంటుంది.

లెక్క చూడండి. సాలుకూ సాలుకూ నాలుగడుగులు పెడితే ఎకరాకు లాటరల్ పైపు 3,300 మీటర్లు పడుతుంది. 40 సెంటీమీటర్లకు ఒక డ్రిప్పర్ అంటే దగ్గర దగ్గర 8,300 డ్రిప్పర్లు. ఒక్కోటి గంటకు 4 లీటర్లది. అన్నీ ఒకేసారి కారాలంటే గంటకు 33,000 లీటర్లు కావాల. మీ బోరు ఎంత పోస్తుందో తెలుసా? తెలీకపోతే 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఫోన్లో సెకండ్లు చూడండి. 72 సెకండ్లకు నిండితే గంటకు 10,000 లీటర్లు. ఫిల్టరు దాటేసరికి ఇంకాస్త తగ్గుతుంది. పది మందికి వండిన సంగటి ముప్పైమూడు మందికి వడ్డిస్తే ముందు కూర్చున్నోడు తింటాడు, చివర కూర్చున్నోడు ఆకు చూసుకుంటా లేస్తాడు. మీ చివరి సాలుకు అదే గతి.

అదే ఎకరాన్ని నాలుగు ముక్కలు చేసి ముక్కకొక సబ్ మెయిన్, సబ్ మెయిన్‌కొక వాల్వు పెట్టండి. ఒక్కో ముక్కకు 8,300 లీటర్లు చాలు. బోరు అదే, మోటారు అదే, కరెంటు అదే.

నేనేమీ పుట్టుకతో తెలివైనోణ్ణి కాదు. నాకు డ్రిప్పు వచ్చినప్పుడు బిగించేటోళ్లు ఇద్దరు వచ్చినారు. మధ్యాహ్నం భోజనానికల్లా అయిపోయిందన్నారు. ఫొటో తీసుకున్నారు, సంతకం పెట్టమన్నారు, పెట్టినా. మూడెకరాలకు రెండు వాల్వులు. 90 శాతం సబ్సిడీ కదా, అడిగితే బాగుండదేమో అనుకున్నా. మన రాష్ట్రంలో సూక్ష్మ సేద్యం పథకం 2003లో మొదలైంది, ఇన్నేళ్లయినా మనం ఆ సంతకం దగ్గర మాత్రం నోరు తెరవం. మన వాటా డబ్బులు కట్టలేదా? ఆ సబ్సిడీ ఎవరిది? బోరు ఎంత పోస్తుందో అడక్కుండా, కొలవకుండా వాల్వులెన్నో తేల్చినోడికి సంతకం ఎందుకు పెట్టాల?

రెండు పంటలు కింది మడి ఎండింది. నేనూ లారీనే పిలిచినా. 700 అడుగులు, దుమ్ము. ఆ అప్పు తీరేదానికి నాలుగేళ్లు పట్టింది. మా ఇంటామె చెవి కమ్మలు ఇప్పటికీ తిరిగి రాలేదు. ఆ తర్వాత ఒకరోజు మొదటి డ్రిప్పర్ కింద ఒక డబ్బా, చివరి డ్రిప్పర్ కింద ఒక డబ్బా పెట్టి చూసినా. 4 లీటర్ల డ్రిప్పర్ పావు గంటకు లీటరు కారాల. మొదట్లో లీటరు ఉంది. చివర్లో టీ గ్లాసు నిండలేదు. ఈ డబ్బాల పని నేను లారీకి ముందు చేసుంటే!

ఇప్పుడు బిగించే సంగతి. మెయిన్ పైపుకు టీ వేసి, పైకి లేపి, నేల మీద అడుగు ఎత్తులో వాల్వు పెట్టి, మళ్లా కిందికి దించి సబ్ మెయిన్‌కు కలపాల. వాల్వును మట్టిలో పూడ్చేటోళ్లను చూసినా, వాళ్లకు దండం. ఒక పక్కన్నా యూనియన్ పెట్టండి, లేకుంటే వాల్వు పాడైన రోజు పైపు కోయాల్సిందే. సబ్ మెయిన్‌ను ముక్క నడిమధ్యలో వేసి లాటరల్స్‌ను రెండు పక్కలా లాగితే పొడుగు సగమవుతుంది. 16 ఎం.ఎం. పైపును వంద మీటర్లు లాగి చివర నీళ్లు రాలేదని ఏడిస్తే ఎట్లా? గ్రోమెట్లకు బెజ్జాలు కొట్టినాక లాటరల్స్ తగిలించే ముందే నీళ్లు వదిలి కడగండి, ఆ పీవీసీ పొట్టు డ్రిప్పర్లో ఇరుక్కుంటే మళ్లా రాదు. ప్రతి సబ్ మెయిన్ చివరా ఫ్లష్ వాల్వు ఉండాల. సొల్యూషన్ పూసిన రోజే మోటారు వేయొద్దు, ఒక రాత్రి ఆగండి.

చీనీకీ టమాటాకీ ఒకే వాల్వు పెట్టినోళ్లు కూడా ఉన్నారు. చెట్టు తాగేది వేరు, మొక్క తాగేది వేరు. ఒకటి ఎండాల, లేదంటే ఇంకోటి కుళ్లాల.

"గంట గంటకూ పోయి వాల్వు తిప్పేదెవరు?" అంటారు. అన్నా, కాలవ కట్టే రోజుల్లో రాత్రంతా పార పట్టుకుని మడవ మార్చినోళ్లం మనం. వాల్వు తిప్పేదానికి నడుము పోతుందా? "నాలుగు వాల్వులకు డబ్బులెక్కడ" అనే మాట మాత్రం నా దగ్గర అనొద్దు. నాలుగు వాల్వులు, టీలు, ఎల్బోలు, కాస్త పైపు అన్నీ కలిపినా బోరు కేసింగ్ ఖర్చుకు రావు.

ఒక్క జాగ్రత్త. రెండోది తెరిచినాకే మొదటిది మూయండి. మోటారు నడుస్తుండగా అన్నీ మూస్తే ఏదో ఒక జాయింటు ఎగిరిపోతుంది. ఆటో స్టార్టర్ ఉన్నోళ్లు ఇంటికి పోయేముందు ఒక వాల్వు తెరిచిందో లేదో చూసుకోండి. కరెంటు ఎప్పుడొస్తుందో మనకు చెప్పి రాదు.

ఆ అన్న చేన్లో ఆదివారం పని పెట్టుకున్నాం. పైపులు ఆయన తెచ్చినాడు, వాల్వులు తేవాల. నేర్చుకోవాలనుకున్నోళ్లు ఎండెక్కక ముందే రండి. ఎవరికన్నా మంచి రంపం బ్లేడు ఉంటే తీసుకురండి, నాది మొద్దుబారింది.