ఆలివ్ తోటకు రుణం: ముందు రకం పేరు అడగాలి

రైల్వే కొలువుకై బిలాస్‌పూర్ వచ్చి స్థిరపడిన తెలుగువారిలో, తెలిపారా నివాసి అయిన పెద్దాయన ఒకరు ఇటీవల ఆలివ్ తోటకు రుణం కోరారు. తమ గ్రాట్యుటీ సొమ్మును మార్జిన్‌గా పెట్టడానికి సిద్ధపడ్డారు. “మనకూ చలి ఉంది కదా బాబూ” అన్నది ఆయన వాదన. ఏ రకం మొక్కలని అడిగితే, నర్సరీవారు ఇచ్చినవే నాటుతామన్నారు. నా అభిప్రాయంలో రుణ దరఖాస్తు అక్కడే ఆగాలి.

ఆలివ్‌కు చలితో రెండు విధాల సంబంధం ఉంది. పూత రావడానికి శీతకాలంలో కొన్ని వారాల పాటు చల్లదనం అవసరం. అదే చలి సున్నాకు ఏడెనిమిది డిగ్రీల దిగువకు పోతే కొమ్మలు దెబ్బతింటాయి. ఈ రెండింటిలోనూ రకానికీ రకానికీ తేడా ఉంది. ఇటలీకి చెందిన లెచ్చీనో గట్టి చలికి ఓర్చుకుంటుంది. గ్రీసు దేశపు కొరొనైకి తక్కువ చలితో పూస్తుంది గాని మంచుదెబ్బకు తాళలేదు. స్పెయిన్ రకమైన అర్బెక్వీనా తక్కువ చలితో పూయడమే గాక, ఒక మోస్తరు మంచును తట్టుకుంటుంది.

రాజస్థాన్‌లో 2007లో ఇజ్రాయెల్ సాంకేతిక సహకారంతో చేపట్టిన పథకంలో ఒక్క రకంపై ఆధారపడక ఏడు రకాలు నాటారు. అక్కడ శీతకాలపు రాత్రులు బాగా చల్లనివి, వర్షపాతం స్వల్పం. బిలాస్‌పూర్ మైదానంలో రాత్రి చల్లదనాన్ని పగటి ఎండ చాలావరకు హరిస్తుంది. వర్షాకాలంలో కన్హార్ అనే నల్లనేలల్లో నీరు నిలిచి ఆలివ్ వేళ్ళు కుళ్ళిపోతాయి. సర్గుజా జిల్లాలోని మైన్‌పాట్ పీఠభూమి వెయ్యి మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నందున చలి చాలవచ్చును. వర్షం అక్కడా సమస్యే.

బ్యాంకుకు అసలు ప్రమాదం మరొకటి ఉంది. ఆలివ్ ఏడాది పొడవునా పచ్చగా ఉండే చెట్టు. తగని రకమైనా ఏపుగానే పెరుగుతుంది. తనిఖీకి వెళ్ళిన అధికారి ‘ఎదుగుదల సంతృప్తికరం’ అని వ్రాసి వస్తాడు. పూత లేదన్న సంగతి నాలుగైదేళ్ళకు, కాపు రావలసిన సమయానికి గాని బయటపడదు. అప్పటికి మారటోరియం ముగిసి వాయిదాలు మొదలవుతాయి. మనం అడగని ప్రశ్నకు రైతు వడ్డీ కట్టవలసి వస్తుంది.

కనుక ప్రతి దరఖాస్తుకూ మొక్కల రకం ధ్రువీకరణ, ఆ ప్రాంతపు కనీసం మూడు శీతకాలాల ఉష్ణోగ్రతలు, మురుగునీటి పారుదల వివరాలు జతపరచాలి. మైదానంలో ఆలివ్‌కు రుణం వద్దు. చలి పీఠభూమిలో సైతం రెండు మూడు రకాలను పదేసి మొక్కల చొప్పున వాలు నేలలో నాటి, అవి పూతకు వచ్చిన తర్వాతనే రుణం విషయం ఆలోచించాలి.

పెద్దాయనకు జామ, మామిడి సూచించాను. కొంత నొచ్చుకున్నారు. గ్రాట్యుటీ మాత్రం భద్రంగా ఉంది.